రంగులేని మచ్చలకూ డెర్మోస్కోప్ కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం.

తెలుగు పత్రికల ఆరోగ్య పేజీలలో చర్మాన్ని కటకంతో పెద్దదిగా చేసి చూసే డెర్మోస్కోపీ ప్రస్తావన వచ్చినప్పుడల్లా అది పుట్టుమచ్చ క్యాన్సర్‌గా మారుతోందా లేదా అని చూసే పరీక్షగానే పాఠకులకు పరిచయమవుతోంది. ఆ పరిచయంలో తప్పేమీ లేదు గానీ, మన జిల్లాలలో ఉన్న అవసరం దానికి చాలావరకు బయటే ఉండిపోయింది. చర్మవ్యాధుల ఓపీకి రోజూ వచ్చేవారిలో నల్లటి పుట్టుమచ్చను చూసి భయపడి వచ్చేవారు బహు కొద్దిమంది. ఎర్రగా కందినవీ, పొలుసులు రాలేవీ, తెల్లగా పాలిపోయినవీ, చర్మం రంగులోనే బొడిపెలుగా లేచినవీ చూపించుకోవడానికి వచ్చేవారే ఎక్కువ. నలుపు, గోధుమ రంగులు పేరుకోని ఇటువంటి మచ్చల విషయంలోనే డెర్మోస్కోప్ అనే ఆ చిన్న పరికరం మనకు ఎక్కువ అక్కరకు వస్తుందని, ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో చర్మవ్యాధుల వైద్యురాలిగా పనిచేస్తున్న నేను మీ పాఠకులకూ, ముఖ్యంగా రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖల అధికారులకూ విన్నవించదలచి ఈ లేఖ రాస్తున్నాను.

పుట్టుమచ్చలతో ఈ పరికరానికి ముడి పడటానికి దాని చరిత్రే కారణం. 1920 ప్రాంతంలో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో యోహాన్ సాఫియర్ అనే వైద్యుడు ఈ పరీక్ష గురించి వరుసగా వ్యాసాలు ప్రచురించినప్పుడు, ఆయన శ్రద్ధగా చూసిన వాటిలో చర్మంలోని సన్నని రక్తనాళాలు కూడా ఉన్నాయి. ఆ తర్వాత 1950లలో అమెరికాలో లియోన్ గోల్డ్‌మన్, 1971లో బ్రిటన్‌లో రోనా మెకీ దీన్ని పుట్టుమచ్చల వైపు, మెలనోమా అనే ప్రాణాంతక క్యాన్సర్ వైపు మళ్లించారు. 1987లో వియన్నా వైద్యులు నల్లమచ్చలలో కనిపించే నమూనాలను ఒక పద్ధతి ప్రకారం వర్గీకరించడంతో ఆ దారి స్థిరపడిపోయింది. తెల్లని చర్మం గలవారు ఎక్కువగా ఉండి, మెలనోమా పెద్ద ప్రజారోగ్య సమస్యగా ఉన్న ఐరోపా, ఆస్ట్రేలియాలలో పెరిగిన విద్య కాబట్టి అది అక్కడి అవసరానికి తగ్గట్టే ఎదిగింది. రంగులేని చర్మ కణితులను వాటిలోని రక్తనాళాల ఆకృతిని బట్టి ఎలా గుర్తించాలో ఐరిస్ జలౌడెక్, ఆమె సహచరులు సమగ్రంగా వివరించిన సమీక్ష 2010లో గానీ రాలేదు. సోరియాసిస్, తామర, చర్మ క్షయ వంటి కణితులు కాని వ్యాధులలో ఏయే అంశాలు చూడాలో అంతర్జాతీయ డెర్మోస్కోపీ సొసైటీ నిపుణులు ఏకాభిప్రాయానికి వచ్చి ప్రకటించిన పత్రం 2020లో అచ్చయింది. అంటే మన ఓపీలకు నేరుగా పనికివచ్చే భాగం నిన్నమొన్నటిది. మనలో చాలామంది వైద్యులు చదువుకున్న రోజుల్లో అది పాఠ్యపుస్తకాలలో లేదు.

పరికరం పనితీరు క్లిష్టమైనదేమీ కాదు. చేతిలో ఇమిడే పిడి, పది రెట్లు పెద్దదిగా చూపే కటకం, దాని చుట్టూ చిన్న ఎల్‌ఈడీ దీపాలు ఉంటాయి. ఎండ పడి మెరుస్తున్న చెరువులో అడుగు కనిపించనట్టే, చర్మం పై పొర మీద పడిన వెలుతురులో కొంత భాగం అక్కడినుంచే తిరిగి కంటికి కొట్టడం వల్ల లోపల ఏముందో మామూలు చూపుకు అందదు. ఆ మెరుపును తొలగించడానికి చర్మానికీ గాజుకూ మధ్య నూనె గానీ, స్పిరిట్ గానీ, అల్ట్రాసౌండ్ పరీక్షలకు వాడే జెల్ గానీ పూస్తారు. పోలరైజ్డ్ (ఒకే దిశలో కంపించే) వెలుతురుతో పనిచేసే పరికరమైతే పూత లేకుండా, చర్మాన్ని తాకకుండానే చూడవచ్చు. అప్పుడు పై పొరను దాటి, దాని కింద సన్నని రక్తనాళాలు మెలికలు తిరిగే చోటు దాకా చూపు వెళుతుంది. సూది లేదు, కోత లేదు, రేడియేషన్ లేదు. పసిబిడ్డ మీదైనా, గర్భిణి మీదైనా నిశ్చింతగా చేయవచ్చు.

రంగులేని మచ్చను చూసేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. నల్లమచ్చల పరీక్షకు అలవాటుపడిన చెయ్యి గాజును చర్మానికి గట్టిగా అదుముతుంది. అలా అదిమితే సన్నని నాళాలలోని రక్తం పక్కకు తప్పుకొని, మనం వెతుకుతున్న ఆధారమే మాయమైపోతుంది. అందుకే ముందు తాకకుండా చూడాలి, లేదా జెల్‌ను మందంగా వేసి దాని మీద గాజును తేలనిచ్చినట్టు పట్టుకోవాలి. ఆ చూడటం అయ్యాక కావాలనే అదిమి మరోసారి చూడటమూ మంచిదే. ఎరుపు తగ్గిపోయి దాని వెనక పసుపు, నారింజ ఛాయ మిగిలితే చర్మంలో గ్రాన్యులోమా అనే కణాల గుంపు ఉందని అనుమానించాలి. చర్మ క్షయలో, అవయవాలలో ఇలాంటి గుంపులు ఏర్పడే సార్కాయిడోసిస్‌లో, కొన్ని రకాల కుష్టులో ఇది కనిపిస్తుంది. పాత తరం వైద్యులు మామూలు గాజు పలకతో మచ్చను అదిమి చూసింది ఇదే. వారి చేతి విద్యను డెర్మోస్కోప్ మరింత స్పష్టం చేసింది.

మరి రంగే లేని చోట ఏం చూస్తారని వైద్య విద్యార్థులు అడుగుతుంటారు. ముఖ్యంగా రక్తనాళాల ఆకారం, అవి పరుచుకున్న తీరు చూడాలి. సోరియాసిస్ మచ్చలో నాళాలు ఎర్రటి చుక్కలుగా, మచ్చ అంతటా సమానంగా పరుచుకొని, పైన తెల్లని పొలుసు ఉంటుంది. ఎగ్జిమాలోనూ చుక్కలే ఉంటాయి గానీ అవి అక్కడొక గుంపు, ఇక్కడొక గుంపుగా చెదిరి ఉండి, రసి ఎండిన పసుపు పక్కులు కనిపిస్తాయి. చర్మం పై పొరకే పరిమితమైన తొలిదశ క్యాన్సర్ అయిన బోవెన్ వ్యాధిలో నాళాలు చుట్టలు చుట్టుకొని గుంపులు కడతాయి. పైకి చూస్తే ఈ మూడూ పొలుసుతో కూడిన ఎర్రటి మచ్చలే. మూడింటికీ ఒకే ట్యూబు రాసిచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఇక బేసల్ సెల్ అనే చర్మ క్యాన్సర్‌లో నాళాలు స్పష్టమైన అంచులతో, పెద్ద కొమ్మ నుంచి చిన్న రెమ్మలుగా చీలుతూ కనిపిస్తాయి. మన దేశంలో ఆ క్యాన్సర్ చాలాసార్లు నల్లరంగు కలిసి ఉంటుంది కాబట్టి, ఆ రంగు లేకుండా కంటి దగ్గరో ముక్కు పక్కనో వచ్చినప్పుడు మానని మొటిమ అనుకొని ఏళ్ల తరబడి వదిలేస్తారు. పాదం అడుగున పులిపిరికీ ఆనెకాయకూ ఉన్న తేడా ఈ కటకం కింద దాదాపు క్షణంలో తేలిపోతుంది: పులిపిరిలో గడ్డకట్టిన నాళాలు నల్లటి లేదా ఎర్రటి చుక్కలుగా ఉంటాయి, ఆనెకాయలో అవి ఉండవు, నడిమధ్యన పారదర్శకమైన గట్టి భాగం కనిపిస్తుంది.

మన చర్మం మీద ఈ పరీక్ష పనికిరాదనే మాట కొందరు సహ వైద్యుల నోట కూడా విన్నాను. ఆ మాటలో కొంత నిజముంది. చామనఛాయ, నలుపు రంగు చర్మంలో చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అడ్డుపడి రక్తనాళాలు అంత స్పష్టంగా కనిపించవు. గులాబీ రంగు నేపథ్యం ఊదా, గోధుమ రంగుల్లోకి మారుతుంది. దానికి తోడు పొలుసు మందంగా ఉంటే కింద ఉన్న చుక్కలు అసలే కనిపించవు. అయితే ఇదే చర్మం మీద ఎరుపును గుర్తుపట్టడం మామూలు కంటికి ఇంకా కష్టమన్న సంగతి మరువరాదు. పైగా నాళాలు ఒక్కటే ఆధారం కాదు. పొలుసు రంగు, అది మచ్చ అంచున ఉందా నడుమ ఉందా, వెంట్రుకల మొదళ్లు ఎలా ఉన్నాయి, చెమట రంధ్రాలు మిగిలాయా పోయాయా, తెల్లని గీతలు ఉన్నాయా అనేవన్నీ మన చర్మంలోనూ కనిపిస్తాయి. లైకెన్ ప్లానస్ వ్యాధిలో ఒకదానినొకటి దాటుకుంటూ పోయే తెల్లని గీతలు ముదురు చర్మం మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పొలుసు అడ్డుగా ఉంటే జెల్‌తో తడిపి గానీ మెల్లగా తొలగించి గానీ చూడవచ్చు. అరచేతులు, అరికాళ్లలో రంగు తక్కువ కాబట్టి అక్కడ నాళాలను చూడటానికి పెద్ద ఇబ్బందే లేదు. విదేశీ పుస్తకాలలోని బొమ్మలను యథాతథంగా మన రోగి మీద వెతకడం మానేసి, మన చర్మంలో కనిపించే గుర్తులను మన విద్యార్థులకు నేర్పితే ఈ అభ్యంతరం చాలావరకు నిలవదు.

తామర విషయం కొంచెం వివరంగా చెప్పాలి. పది పన్నెండేళ్లుగా దేశమంతటా మొండి తామర విపరీతంగా పెరిగింది. దానికి కారణమవుతున్న శిలీంధ్రానికి మన దేశం పేరు కలిసేలా 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. జబ్బు మొండికేయడానికి శిలీంధ్రంతో పాటు, స్టెరాయిడ్, యాంటీబయాటిక్, యాంటీఫంగల్ మూడూ కలిపిన ట్యూబులూ కారణమే. మెడికల్ షాపులో అడిగిన వెంటనే దొరికే ఆ పూతమందు దురదను తగ్గిస్తుంది, ఎరుపును అణుస్తుంది, అడుగున శిలీంధ్రాన్ని పెంచి పోషిస్తుంది. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ చర్మానికి పూసే స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చి, వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదన్నా అమ్మకాలు ఆగలేదు. మా ఓపీకి వచ్చిన ఒక వ్యవసాయ కూలీ మహిళ చీర కుచ్చిళ్ల కింద దాచుకున్న మచ్చను చూపిస్తూ, సంచిలోంచి చివరిదాకా నొక్కి మడతపెట్టిన ట్యూబులు తీసి బల్ల మీద పెట్టి, "డాక్టరమ్మా, రాసినన్నాళ్లు పోతది, ఆపితే మళ్లొస్తది" అన్నది. స్టెరాయిడ్ వల్ల చెడిపోయిన తామరను ఇంతకంటే కచ్చితంగా వర్ణించిన వాక్యం నేను వైద్య గ్రంథాలలో చదవలేదు. ఆమె మచ్చకు తామరకు ఉండవలసిన గుండ్రని అంచు ఎప్పుడో చెరిగిపోయింది. పైకి చూస్తే ఎగ్జిమా అనిపించింది. డెర్మోస్కోప్ కింద చూస్తే ఆ మచ్చ మీది నూగు వెంట్రుకలు మొదట్లోనే విరిగి ఉన్నాయి, కొన్నింటిలో తెల్లని ఖాళీలు మధ్యమధ్యన గీతల్లా ఏర్పడి ఉన్నాయి, అంచున సన్నని పొలుసు ఉంది. శిలీంధ్రం నూగు వెంట్రుకల్లోకి దిగిందని ఆ గుర్తులకు అర్థం. అలా దిగినప్పుడు పూతమందు ఒక్కటే చాలదు, కడుపులోకి మందు ఇవ్వాలి, అదీ తగినంత కాలం ఇవ్వాలి. చర్మాన్ని గీకి తీసిన పొలుసును పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష కూడా చేశాం, అది చేయవలసిందే. కానీ రోగి ఆ ఉదయమే ఏదో ఒక ట్యూబు పూసుకొని వచ్చినప్పుడు ఆ పరీక్షలో శిలీంధ్రం దొరకకపోవచ్చు. అటువంటి వేళ విరిగిన వెంట్రుక చెప్పే సాక్ష్యం విలువైనది. ముఖం తెల్లబడాలని ఇవే ట్యూబులు నెలల తరబడి రాసుకునే యువతీ యువకుల సంగతీ ఇలాంటిదే. చర్మం పలచబడి, నాళాలు ఉబ్బి అల్లుకుపోయి, నూగు వెంట్రుకలు పెరిగిన ఆ ముఖాన్ని డెర్మోస్కోప్ తెర మీద వారికే చూపిస్తే, ఎంత చెప్పినా మాననివారు కూడా ఆలోచనలో పడటం చూస్తున్నాను.

రంగులేని మచ్చ అన్నప్పుడు వైద్య గ్రంథాలు ఎక్కువగా గులాబీ, ఎరుపు రంగు కణితుల గురించే మాట్లాడతాయి. మన దగ్గర పాలిపోయిన మచ్చలనూ ఆ లెక్కలోనే చేర్చి నేర్పాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఒక తెల్లమచ్చ చుట్టూ ఇక్కడ ఉన్నంత భయం మరే మచ్చ చుట్టూ లేదు. బిడ్డ బుగ్గ మీద పాలిపోయిన మచ్చ కనిపిస్తే కడుపులో నులిపురుగులని ఒకరు, కాల్షియం తక్కువని ఒకరు అంటారు. పెళ్లీడు ఆడపిల్లకు అదే మచ్చ వస్తే బొల్లి అని గుసగుసలు మొదలై సంబంధాలు తప్పిపోతాయి. స్పర్శ లేని మచ్చను మాత్రం నొప్పీ దురదా లేవు కదా అని ఎవరూ పట్టించుకోరు. 2005 డిసెంబరు నాటికి దేశస్థాయిలో కుష్టు పదివేల మందికి ఒకటి కంటే తక్కువకు తగ్గిందన్నది నిజమే. కానీ ప్రపంచంలో ఏటా బయటపడుతున్న కొత్త కేసులలో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనివే. డిచ్‌పల్లిలో, సాలూరులో ఆస్పత్రులు కట్టి కుష్టు రోగులను అక్కున చేర్చుకున్న చరిత్ర ఉన్న రాష్ట్రాలు మనవి. ఆ జబ్బును తొలి మచ్చ దగ్గరే పట్టుకోవడంలో మనం వెనకబడకూడదు.

ఇక్కడ డెర్మోస్కోప్ చేసే సహాయం చాలా నిర్దిష్టమైనది. బొల్లి మచ్చలో తెలుపు ధగధగలాడుతూ ఉంటుంది. వెంట్రుక మొదళ్లు, చెమట రంధ్రాలు మామూలుగానే ఉంటాయి. వెంట్రుక చుట్టూ కొద్దిగా రంగు మిగిలి ఉంటే చికిత్సకు లొంగే అవకాశం ఉందని ఆశపడవచ్చు, మచ్చ అంచున తెల్లని చుక్కలు చెదిరినట్టు, తోకలు చాచినట్టు ఉంటే అది ఇంకా పాకుతోందని గ్రహించవచ్చు. కుష్టు మచ్చలో తెలుపు అంత తీవ్రంగా ఉండదు, పూర్వపు రంగు సగం మిగిలినట్టు ఉంటుంది. అక్కడ వెంట్రుకలు తగ్గిపోతాయి, చెమట రంధ్రాల గుర్తులు పలచబడతాయి లేదా లేకుండా పోతాయి, కొన్నిసార్లు పసుపు, నారింజ ఛాయ, దాని మీద కొమ్మలు చీలిన నాళాలు కనిపిస్తాయి. శోభి మచ్చలో చర్మపు ముడతల్లో సన్నని పొడి పొలుసు ఉంటుంది. ఈ గుర్తులు తెలిసిన వైద్యుడు ఎవరికి ముందుగా దూది కొనతో స్పర్శ పరీక్ష చేయాలో, ఎవరి నరాలను తడిమి చూడాలో, ఎవరికి చర్మాన్ని గీరి స్మియర్ తీయాలో తేల్చుకోగలడు. స్పర్శ పరీక్షను ఏ కటకమూ భర్తీ చేయలేదని మాత్రం నొక్కి చెబుతున్నాను.

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది రంగులేని మెలనోమా. మొత్తం మెలనోమాలలో ఇది 2 నుంచి 8 శాతం వరకు ఉంటుందని అంచనా. నల్లగా ఉండాల్సిన క్యాన్సర్ ఎర్రగా, గులాబీ రంగులో ఉండటం వల్ల దానిని క్యాన్సర్ అని ఎవరూ అనుకోరు. మన దేశంలో మెలనోమా అరుదే గానీ, వచ్చినప్పుడు అరికాలులో, అరచేతిలో, గోటి కింద రావడం ఎక్కువ. పొలం పనుల్లో, చెప్పులు లేని నడకలో దెబ్బలు తగిలే చోట్లు కూడా అవే. మధుమేహం ఉన్న వ్యక్తి కాలి బొటనవేలి గోటి పక్కన ఎర్రటి కండ పెరిగి రక్తం కారుతుంటే అది షుగర్ పుండు అనో, దెబ్బ తగిలి పెరిగిన కండ అనో కట్లు కడుతూ నెలలు గడిపేయడం జరుగుతుంది. పయోజెనిక్ గ్రాన్యులోమా అనే హానిలేని కండ కూడా అచ్చం అలాగే ఉంటుంది. హానిలేని దానిలో ఒకే తీరు ఎరుపు, దాని చుట్టూ తెల్లని అంచు, నడుమ తెల్లని గీతలు ఉంటాయి. మెలనోమాలో పాలు కలిసిన ఎరుపు ఛాయ, చుక్కలూ వంకర గీతలూ కలగలిసిన నాళాలు, మెరిసే తెల్లని చారలు, వెతికితే అంచున ఎక్కడో మిగిలిన కొద్దిపాటి గోధుమ రంగు కనిపించవచ్చు. కనిపించవచ్చు అనే అంటున్నాను, ఎందుకంటే ఈ రెండింటినీ డెర్మోస్కోప్‌తో నూటికి నూరుపాళ్లు విడదీయడం అనుభవజ్ఞులకు కూడా సాధ్యం కాదు. కాబట్టి పెద్దవారిలో కొత్తగా వచ్చి, పెరుగుతూ, రక్తం కారే ఎర్రటి కండను కాల్చి పారేయడం తప్పు. దానిని కోసి తీసి, ఆ ముక్కను తప్పనిసరిగా పాథాలజీకి పంపాలి.

నడుము మీది మచ్చల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ధోవతి ముడి ఒరుసుకునే చోట వచ్చే క్యాన్సర్‌ను వి.ఆర్. ఖానోల్కర్ 1945లోనే వివరించారు. చీర లంగా బొందు బిగించే చోట అదే రకం క్యాన్సర్ వచ్చిన సంఘటనలు మన దేశపు వైద్య పత్రికలలో ఆ తర్వాత పలుమార్లు నమోదయ్యాయి. ఏళ్ల తరబడి ఒరిపిడికి అక్కడి చర్మం రంగు మారి, మందమై, పొలుసు కట్టి, చివరకు మానని పుండుగా మారుతుంది. ఇది కూడా అరుదే, చీర కట్టుకునే వారెవరూ దీనికి భయపడనక్కరలేదు. కానీ అక్కడ మానని పుండును తామర అని, ఒరిపిడి అని కొట్టిపారేయకుండా ఒకసారి కటకం కింద పెట్టి చూస్తే, స్క్వామస్ సెల్ అనే ఈ రకం క్యాన్సర్‌లో వెంట్రుక రంధ్రాల చుట్టూ ఏర్పడే తెల్లని వలయాలు, నడుమ గట్టిపడిన కెరటిన్, రక్తపు మరకలు, అంచున ఉచ్చులా వంగిన నాళాలు బయటపడతాయి. బయాప్సీకి ఏ అంచు నుంచి ముక్క తీయాలో కూడా అవే చూపిస్తాయి.

ఈ పరీక్షకు ఉన్న హద్దులు చెప్పకుండా దాని గొప్ప చెప్పడం పాఠకులకు న్యాయం చేసినట్టు కాదు. పసుపు, నారింజ ఛాయ చర్మ క్షయలోనూ కుష్టులోనూ ఇసుక ఈగ కాటుతో వచ్చే లీష్మేనియాసిస్‌లోనూ ఉంటుంది. అది బయాప్సీ చేయమని చెబుతుందే తప్ప జబ్బు పేరు చెప్పదు. చుక్కల్లాంటి నాళాలు అనేక జబ్బులలో ఉంటాయి. రంగులేని కణితులలో నాళాల కంటే ముందు పుండు ఉందా, తెల్లని గుర్తులు ఉన్నాయా అని చూడాలని 2014లో క్లిఫ్ రోజెండాల్ బృందం ప్రతిపాదించిన క్రమం ఈ కారణంగానే నాకు నచ్చుతుంది, ఎందుకంటే ముదురు చర్మంలో నాళాల కంటే తెల్లని గుర్తులు నమ్మదగినవి. ఫోన్‌లో ఫొటో తీస్తే జబ్బు చెప్పేస్తామనే కృత్రిమ మేధ యాప్‌ల గురించి మరింత జాగ్రత్త అవసరం. అటువంటి వ్యవస్థలకు శిక్షణ ఇవ్వడానికి ప్రపంచమంతటా విరివిగా వాడుతున్న 2018 నాటి చిత్రాల సంకలనంలో 10,015 డెర్మోస్కోప్ చిత్రాలు ఉన్నాయి. అవి ఆస్ట్రియాలోని వియన్నాలో, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో సేకరించినవి, ప్రధానంగా రంగు ఉన్న మచ్చలవి. ఆ చిత్రాలతో పాఠం నేర్చుకున్న యంత్రానికి కర్నూలులోనో ఆదిలాబాద్‌లోనో ఒక బిడ్డ చెంప మీది పాలిపోయిన మచ్చను చూపించి జవాబు అడగడం ఆ బిడ్డకు మేలు చేయదు. మన వైద్య కళాశాలలు మన రోగుల చిత్రాలను, వారి అనుమతితో, వివరాలు బయటపడకుండా సేకరించి భద్రపరిచే పని మొదలుపెడితే తప్ప ఆ లోటు తీరదు.

ప్రభుత్వాలను నేను కోరుతున్నది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఈ పరికరం ధర కొన్ని వేల రూపాయల నుంచి మొదలవుతుంది. ప్రతి ఏరియా ఆస్పత్రిలో పోలరైజ్డ్ వెలుతురు గల డెర్మోస్కోప్ ఒకటి, దానిని ఫోన్‌కు తగిలించే అడాప్టర్ ఒకటి ఉండేలా చూడాలి. పరికరం కొని బీరువాలో పెడితే ప్రయోజనం లేదు కాబట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు జిల్లా కేంద్రంలోనే శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణను పుట్టుమచ్చలతో మొదలుపెట్టకుండా తామర, బొల్లి, కుష్టు, సోరియాసిస్, మానని ఎర్రటి కండ, వీటితో మొదలుపెట్టాలి. భారత చర్మవ్యాధుల వైద్యుల సంఘం స్టెరాయిడ్ పూతల దుర్వినియోగం మీద ఇప్పటికే పోరాడుతోంది. దాని రాష్ట్ర శాఖలు ఈ శిక్షణ బాధ్యత తీసుకోవడానికి వెనకాడవని నమ్ముతున్నాను. వైద్యులు కటకాన్ని ఒక రోగికీ మరో రోగికీ మధ్య స్పిరిట్‌తో తుడవడం, గజ్జి, పుండ్లు ఉన్నవారిని తాకకుండా చూడటం అలవాటు చేసుకోవాలి.

రోగులకు నేను చేసే మనవి ఒక్కటే: మచ్చ చూపించుకోవడానికి వచ్చే ముందు దాని మీద ఏదీ పూయకండి, అప్పటిదాకా వాడిన ట్యూబులు ఖాళీవైనా సరే పారేయకుండా వెంట తెచ్చుకోండి. పసుపు, సున్నం, ఆకు పసర్లు, నెయిల్ పాలిష్ ఏది పూసినా కటకం కింద మచ్చ అసలు రూపు కనిపించదు.

చివరగా, కేంద్ర ప్రభుత్వపు ఇ-సంజీవని అనే దూరవైద్య సేవ ద్వారా పల్లెల నుంచి చర్మ సమస్యలకు సలహా అడిగేవారు ఉంటూనే ఉన్నారు. అందులో పంపే ఫొటో సాధారణంగా మసక వెలుతురులో, చేతి నీడ పడేలా తీసినది ఉంటుంది, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. మచ్చ శరీరంలో ఎక్కడ ఉందో తెలిసేలా దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, డెర్మోస్కోప్‌తో అదమకుండా ఒకటి, అదిమి ఒకటి, ఈ నాలుగు చిత్రాలతో పాటు అది ఎన్నాళ్లుగా ఉంది, స్పర్శ ఉందా లేదా, ఇప్పటికే ఏయే మందులు పూశారు అనే మూడు వివరాలు తప్పనిసరి చేస్తూ రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను. ఆ నమూనా పత్రం తయారు చేయడానికి నాతో సహా జిల్లాలలో పనిచేస్తున్న చర్మవ్యాధుల వైద్యులు ఎవరిని పిలిచినా వస్తారు.

భవదీయురాలు,
చర్మవ్యాధుల వైద్యురాలు,
ప్రభుత్వ ఆస్పత్రి